ఆచార్యుడు మేకతో వెళ్లిన సాయంత్రం

అది మార్గశిర శుద్ధ త్రయోదశి. ఆ ఉదయం ధవళశృంగ నగరపు విషవైద్య పాఠశాలలో అందరూ తిన్నది యవల గంజి, వెన్నలో వేయించిన గుమ్మడి ముక్కలు, నువ్వుల పచ్చడి. గంజిలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ పూట వంట వంతు పడిన చండకుడు కళ్లు తుడుచుకుంటూ వండాడనీ, వేసిన సంగతి మరిచి మళ్లీ వేశాడనీ శిష్యులందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆచార్య శ్రుతసేనుడు మాత్రం గిన్నె చాచి ఇంకో గరిటె వేయించుకున్నాడు.

“ఎలా ఉంది గురువుగారూ?” చండకుడు బెరుకుగా అడిగాడు.

“మాది సముద్రం ఒడ్డు కదరా. నీ గంజి తాగుతుంటే అప్పుడే ఇంటికి చేరినట్టుంది.”

పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నవ్వు ఆగాక ఒక్కొక్కరే గిన్నెలు కడగడానికి లేచారు. ఆ మధ్యాహ్నమే ఆయన వాళ్లను వదిలి స్వదేశానికి బయలుదేరుతున్నాడు.

ధవళశృంగం మంచుకొండల ఒడిలోని రాజ్యం. తెల్లవారితే దాని శిఖరాలు దానిమ్మ గింజల రంగు తేలేవి. మధ్యాహ్నానికి పాలరాతి గోపురాల్లా మెరిసేవి. నల్ల పలకరాళ్లు పరిచిన ఇంటికప్పుల అంచున మంచు గడ్డకట్టి స్ఫటికపు జాలర్లలా వేలాడేది. గాలి వీస్తే ఆ జాలర్లు ఒకదానికొకటి తగిలి వీధి వీధంతా గజ్జెలు కట్టుకున్నట్టు మోగేది. ఇంత అందమైన నగరాన్ని నిన్నమొన్నటి దాకా భయం ఏలింది. ఉత్తరాన అగ్నిబిలమనే గుహలో కాపురముండే ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు బావుల్లో విషం కలిపేవాడు. గొర్రెల మందల మీదికి పాములను తోలేవాడు. వచ్చి కాళ్లు పట్టుకున్నవాళ్లకు మాత్రం విరుగుడు విసిరేవాడు.

అతన్ని ఎదుర్కొనే విద్య కోసం మహారాజు హిమవర్మ పొరుగు దేశాలన్నింటికీ దూతలను పంపాడు. వస్తానన్నది మరకతసీమకు చెందిన శ్రుతసేనుడొక్కడే. రావడానికి ఆయనకొక కారణం ఉంది. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు వకుళ. గడిచిన వసంతంలో ఆ సీమదాకా పాకి వచ్చిన మాంత్రికుడి పాము ఆ పిల్లను కాటేసింది. ఆమె చనిపోలేదు, లేవనూ లేదు. ఊపిరి ఆడుతూనే ఉంది, కళ్లు తెరవదు. మళ్లీ వసంతం వచ్చేలోగా మందు పడకపోతే ఆ నిద్రే చావవుతుంది. దానికి మందు శ్వేతకంద అనే తెల్లని దుంప. ధవళశృంగపు మంచులో తప్ప మొలవదు. రాజు ఖజానాలో ఒకే ఒక్క దుంప మిగిలింది. తన ప్రజలకు విషవైద్యం నేర్పి వెళ్లే రోజున దాన్ని ఆచార్యుడి చేతిలో పెడతానని రాజు మాట ఇచ్చాడు.

ఆయన నేర్పాడు. వాళ్లూ ఆయనకు నేర్పారు. వచ్చిన కొత్తలో మంచు మీద నిలవలేక ఆయన నడివీధిలో జారిపడితే పెద్ద శిష్యురాలు కేతకి చెయ్యిచ్చి లేపింది. గొర్రెల కాపరి కూతురామె. మంచు మీద కాలు ఎలా మోపాలో చూపించింది కానీ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఆమె తన పెదవి ఎంత గట్టిగా కొరుక్కుందో ఆయన తర్వాత గమనించాడు, రక్తపు చుక్క చూసి.

పాఠశాలలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఊరంతటికీ వేళాకోళమైంది. మందైనా మంచినీళ్లైనా ఇంకొకరి చేతికిచ్చేవాళ్లు ముందు తామొక గుక్క తాగాలి. విషంతో పనిచేసేవాళ్లకు ఇంతకు మించిన మర్యాద లేదనేవాడాయన. “మీ బడి పిల్లను చేసుకున్నవాడికి జన్మంతా ఎంగిలి పాలేనమ్మా,” అని సంతలో ఆడవాళ్లు కేతకిని ఆటపట్టించేవారు. ఎవరేమన్నా ఆ అలవాటు శిష్యులకు కనురెప్ప వేసినంత సహజమైపోయింది.

ఆ పూట రాజు స్వయంగా వచ్చి శ్వేతకంద ఉన్న రాగి భరిణె ఆచార్యుడికి అప్పగించి వెళ్లాడు. మూట కట్టడం అయింది. ఇక మిగిలింది గడప దగ్గర తేనెపానకం. దూరదేశం వెళ్లేవారికి అది తాగించి పంపడం ధవళశృంగపు ఆచారం. తేనె కోసం చండకుడు వీధిలోకి పరుగెత్తాడు. మలుపులో ఒక ముసలమ్మ కుండ ముందు పెట్టుకుని కూర్చుంది.

“అవ్వా, తేనె కొత్తదేనా?”

“నా పళ్లూడక ముందు తీసింది నాయనా.”

“అయితే మా తాత పుట్టక ముందుదన్నమాట.”

“నోరు పెద్దదే నీకు! పాత తేనెకే రుచెక్కువ. మీ గురువుగారికే కదూ? ఊరికే తీసుకుపో. మా మనవడు ఆ మహానుభావుడి చేతి మందుతోనే లేచి తిరుగుతున్నాడు.” ఆమె వేలు ముంచి తానొక చుక్క నాకింది. చండకుడూ నాకి చూశాడు. చక్కటి అడవి తేనె. అతనికి ఆ అవ్వ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

వేడినీళ్లలో తేనె కలిపి, వెండి గిన్నె కేతకి చేతికిచ్చారు. ఆచార్యుడు గడప ఇవతల నిలబడ్డాడు. శిష్యులు రెండువైపులా బారులు తీరారు. కేతకి అలవాటు ప్రకారం ముందు తానొక గుక్క తాగి, గిన్నె ఆయన వైపు చాచింది.

గిన్నె ఆయన చేతిని చేరలేదు. ఆమె మోకాళ్లు వంగిపోయాయి. నేలకు తల తగలకుండా ఆచార్యుడు పట్టుకున్నాడు. నోరు తెరిచి చూస్తే నాలుక అంచులు అప్పుడే నీలిరంగు తిరుగుతున్నాయి.

“నీలజిహ్వ,” అన్నాడాయన. గిన్నె అందుకుని వెలుగులో పెట్టి చూశాడు. అడుగున మిగిలిన పానకం నిర్మలంగా ఉంది. “తేనెలో అణిగి ఉంటుంది. వేడినీళ్లు తగిలితే నూనెచుక్కలా పైకి తేలుతుంది. మొదటి గుక్కలోనే మొత్తం పోతుంది. ఇది కలిపినవాడు నన్ను చంపాలనుకోలేదు. మన కట్టుబాటు తెలిసే కలిపాడు.”

“తేనె తెచ్చింది నేనే! మలుపులో ముసలమ్మ దగ్గర నేనే తెచ్చాను గురువుగారూ!” చండకుడు తల బాదుకున్నాడు.

“ఏడుపు తర్వాత. ఆ ముసలమ్మ ఇంకా అక్కడే ఉందేమో చూడండి.”

మాట పూర్తికాక ముందే ఉదయమిత్రుడు గడప దాటాడు. అతడు రాజుగారి చిన్నకొడుకు. పాఠశాలలో చేరిననాటి నుంచి అందరితో పాటు రోళ్లు కడిగినవాడు, నగరంలో అతన్ని మించిన పరుగరి లేడు.

ఇక్కడ ఆచార్యుడు కేతకిని ఒడిలో పెట్టుకుని భరిణె మూత తీశాడు. లోపల దుంప చిన్న శంఖంలా తెల్లగా ఉంది. నీలజిహ్వకు విరుగుడు లోకంలో అదొక్కటే. అది ఎవరికోసం ఆయన ఇంతదూరం వచ్చాడో వాళ్లందరికీ తెలుసు.

“సగం... సగం వేయకూడదా?” అన్నారెవరో.

“సగం వేస్తే విషం రెచ్చిపోతుంది. చండకా, కల్వం.”

కేతకి కళ్లు తెరిచింది. కల్వంలో దుంప నలుగుతున్న చప్పుడు విని పళ్లు బిగించింది. “వద్దు. అది వకుళమ్మది,” అంది పళ్ల సందు నుంచి.

“నోరు తెరు.”

“తెరవను. మీకు దణ్ణం పెడతాను.”

“నా ముందున్న రోగివి నువ్వు. నోరు తెరు, కేతకీ.”

ఆమె తెరవలేదు. ఆయన బొటనవేలితో దవడ కీలు దగ్గర నొక్కి, మందు నాలుక కిందికి జార్చి, అది గొంతు దిగేదాకా గడ్డం పైకెత్తి పట్టుకున్నాడు. ఆ పట్టు ఆయన దగ్గరే నేర్చుకున్నవాళ్లంతా చూస్తూ ఉండిపోయారు. కొంతసేపటికి ఇత్తడి అద్దం ఆమె ముక్కు దగ్గర పెడితే మసక కమ్మింది. ఇంకొంతసేపటికి నాలుక గులాబీ రంగుకు వచ్చింది.

ఆచార్యుడు లేచి వెళ్లి కల్వం తానే కడిగాడు. ఖాళీ భరిణెనూ కడిగి బోర్లించాడు. చండకుడు చెంబుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద నెమ్మదిగా పోశాడు. వేళ్లు కొంకర్లు పోకుండా ఆ నీళ్లు ఆదుకున్నాయి.

అక్కడ వీధిలో ఉదయమిత్రుడిని చూడగానే ముసలమ్మ కర్ర పారేసి పిల్లిలా ఇంటికప్పు మీదికి గెంతింది. రాకుమారుడు చూరు పట్టుకుని తానూ ఎక్కాడు. మంచు జాలర్లు పటపట విరిగి కింద రాలుతున్నాయి. ఆమె దూది అంగడి కప్పు మీంచి ధాన్యపు గాదె మీదికి, గాదె మీంచి గంటల గోపురం మీదికి దూకింది. అతడు గంట తాడు పట్టుకుని ఊగి, నగరమంతా అదిరేలా గంట మోగుతుండగా ఆమె ఎదుటికి వచ్చి పడ్డాడు. బాకు విసిరితే ఆమె కొంగు దూలానికి గుచ్చుకుంది. మరుక్షణం ఆమె తెల్లజుట్టు పాయలు పాయలుగా విడిపోయి పాములై బుసకొట్టింది. ఉదయమిత్రుడు నడుముకు కట్టుకున్న ఈశ్వరి వేరు తీసి పాముల ముందు ఆడించాడు. అవి తలలు వాల్చి రాతి నెర్రెల్లోకి జారుకున్నాయి.

ముసలి చర్మం పొట్టులా రాలిపోయింది. గోపురమంత ఎత్తున, బూడిదరంగు గడ్డంతో ధూమ్రనేత్రుడు నిలబడి ఉన్నాడు.

“గురువును మించినవాడివే! మీ ఆచార్యుడు దుంప ఖర్చు పెట్టేశాడు కదూ? దాన్ని తన దేశం తీసుకెళ్లి, కూతుర్ని లేపి, నా కాటుకూ మందుందని లోకానికి చాటాలనుకున్నాడు. అప్పుడిక నా పాములను చూసి ఎవడు భయపడతాడురా?”

“నీ బతుక్కి తేనె అమ్ముకోవాల్సి వచ్చింది. అది చూసుకో ముందు,” అన్నాడు రాకుమారుడు రొప్పుతూ.

“నవ్వుకో. ఇంకొక్క శ్వేతకంద ఉంది. అగ్నిబిలంలో నా పడక పక్కనే, కరగని మంచులో మొలిచింది. ఉత్తచేతులతో ఆయన తూర్పు దారిన ఇంటికి పోతే పోనిస్తాను. లేదా మీ దగ్గరే కూర్చుని ఏడవమను. ఉత్తరంగా ఒక్క అడుగు వేశాడా, కొండ మీది మంచంతా మీ ఊరి నెత్తిన దొర్లిస్తాను. చూడ్డానికి నా మనిషి ఇక్కడే ఉంటాడు.”

అతడు పొగై ఉత్తరానికి తేలిపోయాడు. దూలానికి గుచ్చుకున్న కొంగులోంచి మూడు కళ్ల గుడ్లగూబ ఒకటి బయటికి వచ్చి, రెక్కలు విదిల్చుకుని, తిన్నగా పాఠశాల ఎదుటి దేవదారు కొమ్మ మీద వాలింది. అది చూసిందీ విన్నదీ అన్నీ గుహలో ఉన్న మాంత్రికుడికి తెలిసిపోతాయి.

పాఠశాలలో కిటికీ లేని గది ఒక్కటే, మందుల గది. గోడలు మూరెడు మందం. మధ్యాహ్నం అందులోకి వెళ్లినవాళ్లు ముగ్గురు: చాప మీద పడుకున్న కేతకి కాక, ఆచార్యుడు, ఉదయమిత్రుడు, చండకుడు. మూలన ఇంకొకడున్నాడు, బొల్లన్న అనే కాపరి. తేలు కుట్టిన చెయ్యి చూపించుకోవడానికి ఉదయమే వచ్చి, గొడవలో ఇరుక్కుపోయి, మేకను కాళ్ల దగ్గర కట్టుకుని కూర్చున్నాడు.

“నేను అగ్నిబిలానికి వెళ్తున్నాను,” అన్నాడు ఆచార్యుడు.

“నేనూ వస్తాను,” అన్నాడు ఉదయమిత్రుడు.

“నువ్వు కనిపించకపోతే మీ నాన్నగారు సైన్యాన్ని పంపుతారు. ఊరి మీద మంచు పడుతుంది.”

“అయితే నేనొస్తా,” అన్నాడు చండకుడు. “తప్పు నాది.”

“కాపరులు ఇద్దరు కలిసి ఒకే మేకను తోలుకెళ్తే గుడ్లగూబ నవ్వుతుందిరా. ఈ చలికాలం వాడు మళ్లీ బావుల మీద పడతాడు. ఊరికి వైద్యులు కావాలి. మిమ్మల్ని తయారుచేసింది నా వెంట తిప్పుకోవడానికి కాదు.”

ఉపాయం చిన్నది. చీకటి పడే ముందు ఆఖరి రోగిగా బొల్లన్న తన మేకతో వెళ్లిపోతాడు. గుడ్లగూబ చూసేది అది. బొల్లన్న కంబళి కప్పుకుని వెళ్లేది ఆచార్యుడు. ఆయన శాలువా తల మీదుగా కప్పుకుని, రోజూ ఆయన కూర్చునే పీట మీద, కిటికీకి వీపు పెట్టి కేతకి కూర్చుంటుంది. శిష్యురాలు కోలుకునేదాకా ప్రయాణం ఆగిందని ఊరంతా అనుకుంటుంది. గుడ్లగూబ దేవదారు వదిలి ఎగిరిపోయేదాకా ఆ నాటకం సాగాలి.

“నా మేక నాకు మళ్లీ వస్తాదా సామీ?” అన్నాడు బొల్లన్న.

“రాకపోతే మా నాన్నగారి మందలో నచ్చింది పట్టుకుపో,” అన్నాడు రాకుమారుడు.

“మీ నాన్నగారి మేకలు నా మాట వింటాయేటి బాబూ! ఇది వింటాది.” అయినా అతడే కంబళి తీసి ఆచార్యుడికి కప్పాడు. తన చెవుల టోపీ కూడా తీసి ఇచ్చాడు. “ఉత్తరం గాలి చెవులు కోసేస్తాది. ఇది ఎవరడిగినా ఇయ్యమాకండి.”

ఆచార్యుడు గదిలో అటూ ఇటూ నడిచి చూపించాడు. చండకుడు ఎర్రబడ్డ కళ్లతోనే పెదవి విరిచాడు. “గురువుగారూ, మీరు నడుస్తుంటే తాళపత్రం లేచి నడిచినట్టుంది. వీపు వంచండి. ఇంకొంచెం. ముక్కు చీదండి.”

“ఇలాగా?”

“చేతికి తుడుచుకోవాలి. ఆఁ, ఇప్పుడు మనిషిలా ఉన్నారు.”

కేతకి పడుకున్నచోటే నవ్వబోయి దగ్గింది.

ఆ వేషం తీసి పక్కన పెట్టి, ఆయన ముందుగా చావడిలోకి వెళ్లాడు. సాయంకాలపు పాఠం ఏనాడూ మానలేదు. మానితే గుడ్లగూబకు అనుమానం వస్తుంది. చావడి కిటికీ తెరిచే ఉంది. ఎదుటి కొమ్మ మీద మూడు పసుపుపచ్చ కళ్లు రెప్ప వేయకుండా లోపలికే చూస్తున్నాయి. ఆయన ఉత్తరానికి వెళ్లబోతున్న సంగతి చెవిలో చెవిలో అందరికీ చేరింది. పాదాలకు మొక్కడానికి లేదు. ఏడవడానికి లేదు. వాళ్లు నెలల తరబడి అల్లిన ఉన్ని మేజోళ్లు, కుట్టిన సంచి మూలన అలాగే ఉన్నాయి. వాటి వైపు కూడా చూడకూడదు.

“ఈ పూట నాడి చూడడం,” అన్నాడు ఆచార్యుడు. “తెలిసిన పాఠమే. ఒక్కొక్కరే చెయ్యి చాపండి.”

ఆయన వరసలో మొదటివాడి దగ్గర కూర్చుని మణికట్టు అందుకున్నాడు. “వేళ్లు తేలికగా ఉంచాలి. నొక్కారంటే మీకు వినిపించేది మీ నాడి, రోగిది కాదు.” రెండోవాడి దగ్గరికి జరిగాడు. “తొందరపడకండి. రోగి భయపడితే నాడి పరుగెడుతుంది. కాసేపు పట్టుకుని కూర్చుంటే అదే సర్దుకుంటుంది.” ప్రతి చేతినీ ఆయన కావలసిన దానికంటే కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు. కొన్ని చేతులు చల్లగా ఉన్నాయి. వెల్లుల్లి వాసన వేసే ఒక చేతిని ఆయన రెండు చేతులతో మూసి వెచ్చబెట్టాడు. గుడ్లగూబ కంటికి అది పాఠమే.

ఉదయమిత్రుడి వంతు వచ్చేసరికి అతడు తల వంచుకున్నాడు.

“నీ నాడి చాలా వేగంగా ఉంది, నాయనా.”

“పొద్దున పరుగెత్తాను కదండీ.”

“అవును. బాగా పరుగెత్తావు.” చెయ్యి వదలడానికి ఇద్దరిలో ఎవరూ ముందుకు రాలేదు.

పాఠం ముగించి, అలసిపోయినవాడిలా ఆవలించి, ఆచార్యుడు మందుల గదిలోకి వెళ్లాడు. కేతకి గోడకు ఆనుకుని లేచి నిలబడింది. ఆయన తన శాలువా తీసి ఆమె తల చుట్టూ కప్పి, గడ్డం కింద ముడి వేశాడు.

“వకుళమ్మ మందు తాగి నేను నిలబడ్డాను,” అందామె.

“నిలబడ్డావు. నాకు ఈ రోజు దక్కింది అదే. దాన్ని తప్పు చేసి చూపించకు.”

“తిరిగి ఇటే వస్తారా?”

ఆయన ముడి సరిచూశాడు. “దుంప దొరికితే అగ్నిబిలం నుంచి మా సీమకు అడ్డదారి ఉంది. దాన్నే పట్టుకోవాలి. వసంతం ఎవరికోసమూ ఆగదు కదమ్మా.”

“దొరక్కపోతే?”

ఆచార్యుడు బొల్లన్న టోపీ పెట్టుకుని చెవులు కిందికి లాక్కున్నాడు. ఆమె వంగి పాదాలు తాకబోతే భుజాలు పట్టి ఆపాడు. “పడిపోతావు. పద, పీట ఖాళీగా ఉంది.”

కేతకి శాలువా ముసుగుతో చావడిలోకి వచ్చి పీట మీద కూర్చుంది. ఆమె వీపు ఆయన వీపులాగే కొంచెం కుడివైపుకు ఒరిగి ఉంది. అలా ఒరగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరో నిప్పుల కుంపటి ఆమె కాళ్ల దగ్గరికి జరిపారు. ఉదయమిత్రుడు దీపం వెలిగించి, ఆమె ముఖం మీద పడకుండా పక్కకు పెట్టాడు.

అప్పుడు మందుల గది నుంచి వీపు వంగిన కాపరి ఒకడు, చేతికి కట్టు, భుజం మీద మేకతో బయటికి వచ్చాడు. రోజూ ఆఖరి రోగిని గుమ్మం దాకా సాగనంపి తలుపు వేసేది చండకుడు. ఆ పూటా అతడే లేచాడు.

గడప దాటగానే మేక లోపలున్న యజమాని కోసం మెడ తిప్పి గట్టిగా అరిచింది. కాళ్లు తన్నుకుంది. దేవదారు మీద గుడ్లగూబ తల ఇటు తిరిగింది. రెక్కలు ఒకసారి విప్పి, ఇంకా దగ్గరగా ఉన్న కొమ్మ మీదికి దిగింది. దాని మూడో కన్ను కాపరి టోపీ మీద నిలిచింది.

చావడిలో శిష్యులు కిటికీ వైపు చూడకుండా తలలు వంచుకున్నారు.

“ఏమయ్యోయ్!” చండకుడు నడుం మీద చేతులు పెట్టుకుని విరుచుకుపడ్డాడు. “మేకను ఎలా పట్టుకోవాలో కూడా తెలియదా నీకు? తేలు చేతిని కుట్టిందా, బుర్రను కుట్టిందా?”

ఇంతవరకూ అతడు ఆయన ఎదుట గొంతు పెంచి ఎరుగడు.

“చీకటి పడితే దీనికి బెదురయ్యా,” అన్నాడు కాపరి, ముక్కు చీది చేతికి తుడుచుకుంటూ. “తవరు కోప్పడమాకండి.”

“కోప్పడక? పొద్దుటి నుంచి గదిలో కూర్చుని మా గంజంతా తాగావు. మందుపొడిని పాలల్లో కలుపుకుని తాగు. నీళ్లల్లో కాదు. విన్నావా? చెయ్యి చలికి తగలనీయకు. దారిలో ఎక్కడా కూర్చోకు, కూర్చుంటే నిద్రొస్తుంది. నిద్రొస్తే...” దగ్గి సర్దుకున్నాడు. “నిద్రపోకు.”

“అట్టాగేనయ్యా.”

“మళ్లీ మా గడప ఎక్కే అవసరం నీకు రాకూడదు. ఆ చెయ్యి బాగుపడితే ఇంకోసారి మా మొహాలు చూసే పనే ఉండదు. వెళ్లు.”

రోగులందరికీ చండకుడు రోజూ చెప్పే మాట అది. అంతకంటే మంచి మాట వైద్యుడి దగ్గర ఉండదని అతనికి నేర్పినవాడు ఎదుట నిలబడి విన్నాడు.

“పెద్ద మనసయ్యా తవరిది,” అన్నాడు కాపరి. మేకను సర్దుకుని, వీధి దిగి, ఉత్తర ద్వారం వైపు తిరిగాడు. అది కాపరులుండే పేట దారి కూడా. గుడ్లగూబ చూపు కొంత దూరం ఆయన వెంట వెళ్లింది. తర్వాత కిటికీ లోపల దీపం ఎదుట కదలకుండా కూర్చున్న శాలువా వీపు మీదికి తిరిగి వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఆ పూట గాలి పడిపోయింది. మంచూ కురవలేదు. దారి తెల్లగా, తిన్నగా కొండ మొదలు దాకా కనిపిస్తోంది.

రోగి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే అలవాటు చండకుడికి లేదు. అందుకని అతడు నిలబడలేదు. దారి వైపు తల తిప్పకుండా తలుపు దగ్గరికి లాగి, గడియ కిర్రుమనకుండా రెండో చేత్తో పట్టుకుని, నెమ్మదిగా వేశాడు.